నోలీన్ కొట్టు కిటికీ

నోలీన్ చేతి రొట్టెకి ఆ తీరంలో పేరుంది. నిప్పుల్లో కాల్చి, బూడిద దులిపి, ఇంటి వరండాలో పెట్టిందంటే పడవల్లో వెళ్ళేవాళ్ళు కూడా ఆగి కొనుక్కుంటారు. ఎన్నో ఏళ్ళుగా ఆమెకి ఒకటే కోరిక, సొంత కొట్టు.

కొట్టుకి నేల కావాలి. నేలకేం, ఊరంతా వాళ్ళ నాన్న వంశానిదే. కాకపోతే వంశం పెద్దలంతా కూర్చుని ఊరిని తొంభై తొమ్మిదేళ్ళకి సర్కారు ఆఫీసుకి లీజుకిచ్చారు. ఆ పెద్దల్లో నోలీన్ కూడా ఉంది. ఇప్పుడు కొట్టుకి చోటు కావాలంటే ఆ ఆఫీసు దగ్గరే మళ్ళీ లీజుకి తీసుకోవాలి.

"నా నేల మీకిచ్చి, మీ దగ్గర నా నేలే అద్దెకి తీసుకోవాలా నాయనా?" అని అడిగింది, లీజుల ఆఫీసరు హామిష్‌ని.

"అవునాంటీ. చేతిలో కాగితం ఉంటే ఇక మిమ్మల్ని అక్కణ్ణించి ఎవరూ కదపలేరు."

ఆమెకి సగం అర్థమైంది, సగం కాలేదు. అయినా "ఊఁ" అంది. ఎదుటివాడు చెమటలు కక్కుతూ చెబుతుంటే కాదనడం అక్కడ మర్యాద కాదు. పాపం హామిష్ దాన్నే ఒప్పుకోలు అనుకున్నాడు. రొట్టెలమ్మే కిటికీ రోడ్డు వైపే ఉండాలన్నాడు, ఊఁ అంది. తర్వాత ఏదీ మార్చకూడదన్నాడు, దానికీ ఊఁ.

కొట్టు లేచింది. తెల్లారితే తెరవాలనగా కూతురు కెర్రీ పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఆఫీసువాళ్ళు మాకు కొత్త ఇల్లిచ్చారే! ఎక్కడో తెలుసా? సరిగ్గా నీ కొట్టుకి ఎదురుగా!" అని, అంతలోనే నాలిక్కరుచుకుంది.

ఆ ఊళ్ళో అత్త అల్లుడి ముఖం చూడకూడదు, పేరు పలకకూడదు, ఎదురుపడకూడదు. పగతో కాదు, గౌరవంతో. కెర్రీ మొగుడైతే అత్తగారు వస్తోందని తెలిస్తే వల నీళ్ళలోనే వదిలేసి మడచెట్ల చాటుకి పోతాడు. అంత మర్యాదస్తుడు.

"వేరే ఇల్లు అడగవే."

"ఎలా అడగనమ్మా? ఇదొదులుకుంటే మళ్ళీ వరసలో చివరికెళ్ళాలంట. పిల్లల్నేసుకుని పిన్ని వాళ్ళింట్లో ఇంకెన్నాళ్ళుండను?"

వెనకటి రోజుల్లో ఇదొక సమస్యే కాదు. ఎవరో ఒకరు దుప్పట్లు భుజాన వేసుకుని అవతలికి జరిగేవాళ్ళు. ఇప్పుడు ఎవరి కాగితం వాళ్ళని మేకు కొట్టినట్టు పట్టుకుంది. తప్పు తనదా, ఆఫీసుదా, ఊరు రాసిచ్చిన ఆ రోజుదా, నోలీన్‌కి ఎంత ఆలోచించినా తేలలేదు.

కెర్రీ వాళ్ళు ఎదురింట్లో దిగారు, నోలీన్ కొట్టు తెరిచింది. జనం విరగబడ్డారు. ఆమె మాత్రం రొట్టెల మీద నుంచి కళ్ళెత్తలేదు. ఎదురింటి తలుపు తెరుచుకోలేదు. అల్లుడు వెనక కిటికీలోంచి దూకి పనికి పోతున్నాడనీ, దూకి దూకి కాలు బెణికిందనీ కెర్రీ చెప్పింది. చివరికి అతను వెనక వైపు తలుపు పెట్టుకుందామని గోడ పగలగొట్టడం మొదలెట్టాడు.

హామిష్ లబోదిబోమంటూ నోలీన్ కొట్టుకి వచ్చాడు. "గోడ ముట్టుకుంటే ఇల్లు లాగేసుకుంటారు! మీరన్నా మీ అల్లుడికి చెప్పండాంటీ!"

నోలీన్‌కి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

"పోనీ, నా కిటికీ వెనక్కి తిప్పుకోనా?"

"తిప్పితే మీ లీజు పోతుంది."

ఆమె మిగిలిన రొట్టెలు గంపకెత్తుకుని కిటికీ రేకు కిందికి లాగేసింది.

"అదేంటాంటీ, మూసేశారు? ఇది మీది! మిమ్మల్నెవరూ కదపలేరని చెప్పానుగా!"

"చెప్పావు నాయనా. మరి నా నేల మీద నేనే కాస్త పక్కకి జరగాలంటే ఎవర్నడగాలి?"

హామిష్ మూసిన కిటికీ వంక చూశాడు, ఎదురింటి వంక చూశాడు. చివరికి అతనూ "ఊఁ" అన్నాడు.

నోలీన్ గంపతో పాత వరండా వైపు నడిచింది. కొంత దూరం పోయాక, వెనక ఎదురింటి తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఆమె తిరిగి చూడలేదు.