అత్తయ్య పెంచిన ఉప్పునీళ్లు

పోయిన నెల ఒక ఉదయం మామయ్య ఫోన్ చేశారు. "అత్తయ్య పోయిందమ్మా," అన్నారు. ఆ తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు. జ్వరమని గుంటూరు ఆస్పత్రిలో చేరిన మా మేనత్త వారం తిరక్కుండానే అలా వెళ్లిపోయింది. నేను రేపల్లెలో రైలెక్కి తెనాలి చేరేసరికి, వాళ్లింటి ముందుగదిలో ఆవిడను ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టి ఉంచారు.

ఆ గదిలోనే గోడ పక్కన ఆవిడ పెంచిన సముద్రపు అక్వేరియం ఉంది. రెండు నారింజ రంగు చేపలు, రాళ్లమీద మొక్కల్లా ఊగే పగడాలు. ఆ రోజు అందులో నీళ్లు కదలడం లేదు. ఫ్రీజర్ పెట్టెకు ప్లగ్గు కావాలని ఎవరో అక్వేరియం వైరు పీకేశారు. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నేను పడగ్గదిలోంచి ఇంకో వైరు లాగబోతుంటే, వరసకు పెద్దమ్మ అయ్యే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఏంటే ఇది? మనిషి పోయి మేం ఏడుస్తుంటే నీకు చేపలు కావాల్సొచ్చాయా?"

చెయ్యి విడిపించుకున్నాను. ఏడుస్తూనే వైరు లాగాను. నీళ్లు మళ్లీ తిరగడం మొదలయ్యాక వెళ్లి అత్తయ్య కాళ్ల దగ్గర కూర్చున్నాను.

అత్తయ్య పుట్టింది బాపట్లలో. కాలేజీలో జువాలజీ చెప్పేది. రిటైరయ్యాక ఈ పనికి దిగింది. "ఉద్యోగమంతా ఫార్మలిన్ సీసాల్లో చచ్చినవాటినే చూపించి పాఠం చెప్పానే. బతికుండగా చూడాలనుంది," అంది. తొట్టి పెట్టించి, శుద్ధి చేసిన నీళ్లలో ఉప్పు కలిపి, రాళ్లు పేర్చి ఊరుకుంది. వారాలు గడిచినా ఒక్క చేపా లేదు. చూడ్డానికొచ్చినవాళ్లు "చేపలేవండీ?" అంటే, "నీళ్లింకా తయారవలేదండి," అనేది. చేపలు వదిలే మలినాన్ని విరిచే సూక్ష్మజీవులు ముందు ఆ రాళ్లకు పట్టాలట. "మనం పెంచేది చేపల్ని కాదే, నీళ్లని. అవి బాగుంటే మిగతావి వాటంతటవే బతుకుతాయి."

చేతికి సబ్బు వాసన ఉంటే మూత తీయనిచ్చేది కాదు. నీళ్లు తగ్గితే మంచినీళ్లే పోసేది. "ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ఎక్కడికీ పోదు," అని ప్రతిసారీ కొత్తగా చెప్పినట్టు చెప్పేది. మామయ్యకు మాత్రం అదంతా చిరాకు. "సముద్రం కావాలంటే బాపట్ల బస్సెక్కితే సరిపోద్దిగా!" అనేవారు.

ఒక మే నెలలో ఇద్దరూ పెళ్లికి బాపట్ల వెళ్లారు. గాలివానకు తెనాలిలో కరెంటు పోయింది. ఇన్వర్టరు కాసేపు లాగి ఆగిపోయింది. తిరిగొచ్చి తలుపు తీయగానే వాసన కొట్టిందట. నేను వెళ్లేసరికి అత్తయ్య ఖాళీ తొట్టి ముందు కూర్చుని ఉంది.

"నా సరదాకి ఎక్కడెక్కడి సముద్రాల్లోంచో తెప్పించి చంపానే," అంది.

చాలాకాలం దాని జోలికి పోలేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు సముద్రంలో పట్టినవేవీ తేలేదు. తొట్లలోనే పుట్టిన చేపల్ని, వేరేవాళ్లు పెంచిన పగడాల్లోంచి తుంచిన ముక్కల్ని తెచ్చుకుంది. అయినా ఆ దిగులు మాత్రం వదల్లేదు. చేపలు మేత తింటున్నప్పుడు కూడా అనుమానంగానే చూసేది.

అస్థికలు బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రంలో కలపాలని నిర్ణయించారు. ఆ ఉదయం మామయ్య అక్వేరియం ముందు బకెట్టు పెట్టుకుని నిలబడ్డారు.

"వీటినీ అక్కడే వదిలేద్దామంటున్నారమ్మా. పుణ్యమంట."

"వద్దు మామయ్యా. ఇవి తొట్లో పుట్టినవి. అక్కడ బతకవు. ఒకవేళ బతికినా, అక్కడివి కావు కాబట్టి ఆ సముద్రానికే కీడంది అత్తయ్య. తెచ్చినవాళ్లే చివరిదాకా చూడాలంది."

"తెచ్చింది అది. అదే లేదుగా. దాని చేతిలో బతికినవి నా చేతిలో చచ్చిపోతాయే. అదీ నేను చూడాలా?"

ఆయన ఒకసారి తొట్టివైపు చూసి, బకెట్టు తీసుకెళ్లి పెరట్లో బోర్లించి వచ్చారు. "ఉప్పు ఎంత కలపాలో నువ్వైనా చెప్పు," అన్నారు.

నాకూ అంతంతమాత్రమే తెలుసు. ఆదివారాలు వెళ్తున్నాను. ఇద్దరం కలిసి నీళ్లు మారుస్తున్నాం, తప్పులూ చేస్తున్నాం. అత్తయ్య ఆస్పత్రిలో ఉన్న రోజుల్లోనే తొట్లో నత్తలు కొన్ని పోయాయి. ఆవిడ ప్రాణంగా చూసుకున్న, ఆ చేపలు రెండూ గూడు చేసుకుని పడుకునే, వేళ్ల గుత్తిలాంటి పగడం ముడుచుకుపోయింది. అది కోలుకుంటుందో లేదో తెలియదు. ఇన్ని ప్రాణాలు మా మీద పెట్టి వెళ్లినందుకు ఒక్కోసారి ఆవిడ మీద కోపం వస్తుంది. ఆ ప్రాణాలే లేకపోతే మామయ్య పొద్దున్నే లేచేవారా అని కూడా అనిపిస్తుంది.

మొన్న సాయంత్రం ఆయన కళ్లజోడు అద్దానికి ఆనించి ఆ పగడాన్ని చూస్తున్నారు.

"ఇది ముడుచుకుని పడుకుందా, పోయిందా? చెప్పమ్మా."

నేనూ పక్కన చేరి వంగి చూశాను. ఆయన చిటికెడు మేత వేశారు. పలుకులు ఆ పగడానికి తగిలి కిందికి జారిపోయాయి. ఇంతలో రెండు చేపల్లో పెద్దది ఒక పలుకు నోట కరుచుకుంది. మింగలేదు. తీసుకెళ్లి, ముడుచుకుపోయిన ఆ పగడం మధ్యలో పెట్టి, పక్కనే రెక్కలాడిస్తూ నిలబడింది.