ఈలమ్మ మోకాలు

బడిలో ఆటల టీచరుకు పిల్లలు పెట్టిన పేరు ఈలమ్మ. మెడలో ఈల లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. ఇరవై ఆరేళ్లు కాలికి బలపం కట్టుకుని తిరిగిన మనిషి. మైదానంలో పిల్లలకంటే ముందు తనే పరుగెత్తేది, మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది. అలాంటి మనిషికి నలభై తొమ్మిదో ఏట, ఒక ఉదయం మంచం దిగుతుంటే ఎడమ మోకాలు కలుక్కుమంది. పడలేదు, బెణకలేదు. ఎందుకొచ్చిందో ఆ నొప్పికే తెలియాలి.

ముగ్గురు డాక్టర్లు చూశారు. ఎక్స్‌రే తీశారు, స్కానింగు తీశారు, రక్తం తీశారు. మూడో డాక్టరు ఫిల్ము వెలుతురుకు పెట్టి, "ముప్పై ఏళ్ల అమ్మాయికి ఉండాల్సిన మోకాలండీ ఇది" అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు పట్టుకుని ఆమె కుంటుకుంటూ ఇంటికొచ్చింది.

ఆ నొప్పికి ఒక తీరూ తెన్నూ లేదు. సోమవారం ఉండదు, మంగళవారం కుర్చీలోంచి లేవనివ్వదు. "నిన్న బాగానే నడిచారుగా టీచర్, ఇవాళ ఇన్‌స్పెక్షన్ అనా?" అన్నాడు లెక్కల మాస్టారు నవ్వుతూ. "రిపోర్టులో ఏమీ లేదన్నారుగా, మనసులోంచి తీసెయ్" అన్నాడు ఇంట్లో ఆయన. మోకాల్లో ఉన్నదాన్ని మనసులోంచి ఎలా తీస్తారో ఆయనే చెప్పాలి.

ఏడాదిన్నర ఇలా గడిచాక ఆమెకు ఒక పిల్ల పదే పదే గుర్తుకు రాసాగింది.

ఈలమ్మకు ఒక పరీక్ష ఉండేది. కాలు నొప్పి అన్న పిల్లను మైదానం చుట్టూ ఒక రౌండు పరుగెత్తించేది. పూర్తి చేస్తే నాటకమని లెక్క. పదిహేనేళ్ల కిందట బడి మొత్తంలో బాగా పరుగెత్తే పిల్ల, పోటీలకు వారం ముందు, మోకాలు నొప్పి అంది. ఈలమ్మ ఈల ఊదింది. పిల్ల పెదవి కొరుక్కుంటూ రౌండు పూర్తి చేసింది. "చూశారా, దీనికి నొప్పి నోట్లో ఉంది" అంది ఈలమ్మ వరుస మొత్తం వినేలా. అందరూ నవ్వారు. మర్నాటి నుంచి ఆ పిల్ల పరుగుకు రాలేదు. పొగరనుకుంది ఈలమ్మ.

ఆ పిల్ల ఇప్పుడు టైలరు. ఆమెను క్షమాపణ అడగాలి. అడగకుండా, తన నొప్పిని నమ్మమని లోకాన్ని అడిగే మొహం తనకు లేదు. అడ్రసు కనుక్కుని వెళ్లింది. షాపు మొదటి అంతస్తులో ఉంది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది.

టైలరు మిషను ఆపి కుర్చీ వేసింది. "మీరా టీచర్? కూర్చోండి."

"ఆ రోజు నీకు నిజంగానే నొప్పమ్మా. నేనే నమ్మలేదు. తప్పు నాదే."

"అయ్యో, చిన్నప్పటి సంగతి. నాకేం కోపం లేదండీ. నేనూ మీరన్నదే నిజమనుకున్నాను, చేయగలిగితే నొప్పి లేనట్టేనని." చేతిలోని గుడ్డ మడత సరిచేసింది. "తొలి కాన్పప్పుడు ఏడో నెల్లో నొప్పి మొదలైంది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. వంట చేస్తున్నాను, నీళ్లు మోస్తున్నాను, ఏం కాదులే అనుకున్నాను. ఆస్పత్రికి వెళ్లేసరికి బిడ్డ లేదన్నారు. మీ మీద మోపుతున్నానని కాదండీ, మాట వచ్చింది కాబట్టి చెప్పాను."

ఈలమ్మ ఒక్క రౌండుకు సరిపడా క్షమాపణ తెచ్చుకుంది. దీనికి అది చాలదు. కళ్ల నీళ్లు ఆగలేదు.

టైలరు ఆమె కాలి వంక చూసి, చిన్న స్టూలు తెచ్చి ముందు పెట్టింది. "మీరు మెట్లెక్కుతుంటే తెలిసింది. బాగా నొప్పిగా ఉందిగా టీచర్? కాలు దీని మీద చాపుకోండి."

రిపోర్టులో ఏముందని అడగకుండా తన నొప్పిని నమ్మిన మొదటి మనిషి ఆ పిల్లే. ఆ స్టూలు మీద కాలు పెట్టడానికి ఈలమ్మకు మనసొప్పలేదు.