పల్లంలో తవ్విన గొయ్యి

పరలోక ప్రార్థన చర్చి అంతా ఒక్క గొంతుతో చెబుతుంది. తోటివాళ్ళ తప్పులు క్షమించామని దేవుడితో చెప్పే మాట దగ్గర సీమోను నోరు మూసుకుంటాడు. పెదవులు బిగించి ఉంచుతాడు. ఆ మాట దాటాక మళ్ళీ అందుకుంటాడు. ప్రతి ఆదివారం అంతే. పక్కన కూర్చున్నవాళ్ళు అది గమనించడం కూడా మానేశారు.

క్షమించలేదు కాబట్టి క్షమించానని అనడు. అందుకే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరకీ వెళ్ళడు. దేవుడి ముందు అబద్ధం ఆడకూడదు.

మిగతా బతుకూ అలాగే ఉండేది. ముమ్మిడివరం చుట్టుపక్కల తోటల్లో కొబ్బరి దింపు తీసేవాడు. చెట్ల మధ్య నీళ్ళ బోదెలో పడ్డ కాయ చెట్టెక్కినవాడిదేనని మిగతావాళ్ళు అనుకునేవారు. సీమోను బోదెలోకి దిగి, ఆ కాయ తెచ్చి తోటవాళ్ళ రాశిలో వేసేవాడు. చెట్టు మీంచి ఎవరి పెరడైనా కనబడేటట్టుంటే ఎక్కేముందే కేక వేసేవాడు. "అమ్మా, పైకెక్కుతున్నానండీ!" కల్లు ముట్టలేదు.

ధనరాజు మేష్టారి సంగతి వేరు.

డెబ్భై రెండులో సీమోను కూతురు సుందరికి జ్వరం పట్టుకుంది. పసిది. ఆస్పత్రి మందులకి తగ్గలేదు. తల్లి రూతు ఎవరో చెబితే వెళ్ళి, పిల్ల చేతికి మంత్రించిన దారం కట్టించుకొచ్చింది. సంఘపెద్ద ధనరాజు మేష్టారు ఆ దారం చూశారు. రూతుని చర్చి మధ్యలో నిలబెట్టారు. ఇక నుంచి రొట్టె, ద్రాక్షరసం ఆమెకి అందవని చెప్పారు. రూతు అక్కడే దారం తెంపేసింది. పిల్ల బతికింది. మరుసటి ఏడు వానల్లో రూతు కాన్పులో పోయింది. ఆమెని అప్పటికింకా బల్లలో చేర్చుకోలేదు.

పేట సమాధుల దొడ్డిలో మెరక ఉంది, పల్లం ఉంది. మెరక, బల్లలో ఉన్నవాళ్ళకి. పల్లం మిగతావాళ్ళకి. సీమోను రూతుకి మెరక మీద చోటు అడిగాడు.

"కట్టుబాటు కట్టుబాటే సీమోనూ," అన్నారు మేష్టారు.

పల్లంలో కాస్త తవ్వేసరికే ఊట వచ్చింది. తోడేకొద్దీ వచ్చింది. పెట్టె దించితే తేలింది. తవ్విన ఇద్దరూ పెట్టె మీదకి దిగి, కాళ్ళతో తొక్కిపట్టి నిలబడ్డారు. మిగిలినవాళ్ళు మట్టి పోశారు. సీమోను సుందరిని ఎత్తుకుని ఒడ్డున ఉన్నాడు. మేష్టారు గొడుగు కింద నిలబడి పాట పాడారు.

అప్పటినుంచి పేటలో ఎవరు పోయినా గొయ్యి సీమోనే తవ్వాడు. కూలి తీసుకోలేదు. ఏటా చినుకులు మొదలవగానే మేష్టారి తల్లి ఎస్తేరమ్మగారి ఆరోగ్యం కనుక్కునేవాడు. ఎంత మంచివాడో అనుకున్నారు పేటలో.

ఎన్నో వానాకాలాలు ఆ ముసలావిడ దాటేసింది. ఎనభై అయిదులో ముసురు పట్టిన రోజుల్లో పోయింది. మేష్టారే వచ్చి సీమోను గుమ్మం ముందు నిలబడ్డారు.

"అమ్మ పోయింది సీమోనూ. రేపు పొద్దున్న సమాధి చెయ్యాలి. నువ్వే చూడాలి."

"ఆయ్. చూస్తానండీ."

పార భుజాన వేసుకుని, మెరక దాటి పల్లంలోకి పోయాడు. రూతు పక్కన తవ్వాడు. ఊట వచ్చింది. ఇష్టంగా తవ్వాడు.

పొద్దువాలే వేళ మేష్టారు చూడ్డానికి వచ్చారు. గోతిలో నీళ్ళు చూశారు.

"ఇందులోనా?"

"మా ఇంటిదాన్ని ఇందులోనే పెట్టేరు కదండీ. బల్లలో ఉన్నవాళ్ళ పెట్టె తేలదేమో. చూద్దాం లెండి."

బతిమాలతారని చూశాడు. ఆ బతిమాలడం కోసమే ఇన్నేళ్ళు. మేష్టారు గొడుగు ముడిచారు. తడుస్తూ రూతు సమాధి వైపు చూశారు.

"నాకు అడిగే మొహం లేదు," అన్నారు. "నువ్వెక్కడ తవ్వితే అక్కడే."

వెళ్ళిపోయారు. సీమోనుకి పట్టలేని కోపం వచ్చింది. నోటిదాకా వచ్చిన ముద్ద ఎవరో లాక్కున్నట్టయింది.

ఇంటికొచ్చేసరికి సుందరి పొయ్యి దగ్గర ఉంది. ఇంటర్ చదువుతోంది.

"గొయ్యి అయిందా నాన్నా?"

"అయింది."

"ఎక్కడ?"

"మీ అమ్మ పక్కన."

గరిటె ఆగింది. "అక్కడ ఊట కదా."

"ఊటే. పెట్టె తేలాలి. మేష్టారు చూడాలి."

"మేష్టారు చూస్తారు. తొక్కిపట్టేది ఎవరు?"

సీమోను చెంబు తీసుకుని కాళ్ళ బురద కడుక్కోబోయాడు.

"తవ్వినోళ్ళేగా దిగేది. ఆ ముసలావిడ గుండెల మీద నిలబడతావు. నిలబడి పాట కూడా పాడతావేంటి?"

"నోరు ముయ్యి."

"అమ్మ పెట్టె మీద నిలబడ్డోళ్ళ పేర్లు నువ్వే కదా నాకు నేర్పేవు, మర్చిపోకూడదని. రేపట్నించి ఆ ఇంట్లో పిల్లలకి నీ పేరు నేర్పుతారు."

కంచం ముందు కూర్చుని, ప్రార్థన చేయబోతే మాట రాలేదు. లోపల వెతికి చూసుకున్నాడు. మేష్టారి మీద పగ ఎక్కడా తగ్గలేదు, ఉన్నచోటే ఉంది. కానీ నీళ్ళలో పడుకోబోయేది మేష్టారు కాదు. పైన నిలబడే కాళ్ళు మాత్రం తనవి.

తెల్లవారుతూనే పార తీసుకుని వెళ్ళాడు. పల్లంలో గొయ్యి పూడ్చేశాడు. మెరక మీద కొత్తది తవ్వి, వాన పడకుండా కొబ్బరాకు తడిక కప్పాడు. పెట్టె వచ్చేదాకా పక్కనే నిలబడ్డాడు. మేష్టారు దగ్గరకొచ్చి ఏదో అనబోయారు.

"మీతో నాకు మాటల్లేవండీ," అన్నాడు సీమోను.

తడిక తీశాడు. అడుగు పొడిగా ఉంది. మోకు ఒక కొస తను పట్టుకుని, ఎక్కడా తగలకుండా పెట్టె నెమ్మదిగా దించాడు.