నా బదులు చెప్పినవాడు

అతను మంచివాడేననీ, పాత సంగతి ఇంకా ఎందుకు తవ్వుకుంటావనీ స్నేహితురాళ్ళు అంటారు. మంచివాడు కాబట్టే నాకు ఒళ్ళు మండుతుంది. చెడ్డవాడైతే ఎప్పుడో మర్చిపోయేదాన్ని.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మాది విజయవాడ వన్ టౌన్. నాన్నకు లేసులు, బొత్తాలు హోల్‌సేల్‌గా అమ్మే కొట్టు ఉంది, దాని మేడ మీదే మా కాపురం. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక డాన్స్ స్కూల్లో సాయంత్రాలు హిందీ పాటలకు నేర్పేవారు. చేరతానంటే అమ్మ ఒప్పుకోలేదు, నాన్న కాదనలేదు. ఆ కాదనకపోవడాన్నే అనుమతి కింద పట్టుకుని చేరిపోయాను.

అతను గన్నవరం అవతలి పల్లె నుంచి వచ్చేవాడు. వ్యవసాయ కుటుంబం, ఇంజనీరింగ్ చదువు. పాట మొదలైతే చాలు, ఒంట్లో ఎముకలున్నాయా అనిపించేలా ఆడేవాడు. కానీ హిందీ ఒక్క ముక్క రాదు. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతామని తెలిసి మాస్టర్ మమ్మల్ని జోడీగా పెట్టారు. అర్థం తెలియకపోతే చెయ్యి ఎందుకు ఎత్తాలో తనకు తెలియదనేవాడు. ఒకరోజు ఇంతిజార్ అంటే ఏమిటని అడిగితే ఎదురుచూపు అన్నాను. మర్నాడు నేను ఆలస్యంగా వెళ్ళాను. గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ మాట ఇప్పుడు బాగా అర్థమైందన్నాడు. నాకు పంతొమ్మిదేళ్ళు. అంతకంటే ఏం కావాలి?

నృత్యంలో ఒకచోట నేను చూడకుండా వెనక్కి పడాలి, అతను పట్టుకోవాలి. ఎప్పుడూ వదల్లేదు. క్లాసు అయ్యాక రోడ్డు పక్క బండి దగ్గర పునుగులు తింటూ ఉద్యోగాల గురించీ పెళ్ళి గురించీ మాట్లాడుకునేవాళ్ళం. మా సంగతి తెలిసినవాళ్ళంతా మతం పేరు చెప్పి భయపెట్టారు. నేనూ ఆ యుద్ధానికే సిద్ధపడి ఉన్నాను.

కాలేజీ విద్యార్థుల డాన్స్ పోటీకి మా జోడీని పంపుతున్నామని మాస్టర్ చెప్పారు. మా ప్రాక్టీస్ వీడియో ఒకటి స్కూలు వాళ్ళు ఇన్‌స్టాలో పెట్టారు. కింద కొందరు నా నడుము గురించి చెత్త రాశారు. నేను చదివి నవ్వేసి ఊరుకున్నాను. అతను మాత్రం ఆ మాటే ఎత్తలేదు. పోటీ ముందు రోజుల్లో తనకు జ్వరమనీ, జోడీ లేకుండా ప్రాక్టీస్ కుదరదు కాబట్టి నన్నూ క్లాసుకు వెళ్ళొద్దనీ చెప్పాడు; నేను వెళ్ళలేదు.

పోటీ రోజు ఆటో దిగి హాలు వెనక్కి వెళ్ళాను. మొదట ఒప్పుకోని అమ్మే, నాన్న కొట్లోంచి లేసు తీసి నా లంగాకు కుట్టింది. నన్ను చూసి మాస్టర్ తెల్లబోయారు.

"నువ్వు మానేశావని చెప్పాడు కదమ్మా. మీ నాన్నగారు ఆడనివ్వట్లేదట కదా."

అతని పక్కన మరో అమ్మాయి మేకప్ వేసుకుని తయారుగా ఉంది. అతన్ని బయటికి పిలిచాను. మా నాన్న ఏమన్నాడని చెప్పావని అడిగాను.

"ఏదో ఒకటి చెప్పాలి కదా. మీ ఇంట్లో వద్దన్నారంటే ఎవరూ మళ్ళీ అడగరు" అన్నాడు. "ఆ కామెంట్లు మా బాబాయి చూశాడు. రేపు నిన్ను మా ఇంటికి ఎలా తీసుకెళ్ళను? నీ కోసమే చేశాను."

"నన్ను అడిగావా?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవు."

నేను లోపలికి వెళ్ళి మా నాన్న వద్దనలేదనీ, అది అబద్ధమనీ అందరి ముందూ చెప్పాను. మాస్టర్ నేల చూపులు చూశారు. పేర్లు ఇచ్చేశాం, ఈసారికి సర్దుకో, గొడవ చెయ్యకు అన్నారు. అబద్ధం చెప్పినవాడు గొడవ చేసినట్టు కాదట, నిజం చెప్పిన నేను చేసినట్టట. లేసు లంగాతోనే ప్రేక్షకుల్లో కూర్చుని మొత్తం చూశాను. నేను పడవలసిన చోట ఆ అమ్మాయి పడింది. చప్పట్లు మోగాయి. వాళ్ళకు ప్రైజు వచ్చింది.

ఇంటికి వెళ్ళి నాన్నకు అంతా చెప్పాను, ప్రేమ సంగతితో సహా. ప్రేమ గురించి తర్వాత మాట్లాడతానన్నాడు. మర్నాడు మధ్యాహ్నమే షట్టర్ దించి, నన్ను తీసుకుని డాన్స్ స్కూలుకు వచ్చాడు. మాస్టర్ కుర్చీ వేశారు. నాన్న కూర్చోలేదు.

"మా అమ్మాయిని నేను మాన్పించలేదండీ. మాన్పించాలనుకుంటే నేనే వచ్చి చెప్తాను. నా పేరు మీద ఇంకొకరు చెప్తే మీరెలా నమ్మారండీ?"

గడ్డం, టోపీ ఉన్న మనిషి కూతుర్ని ఆపుతాడనడానికి వాళ్ళకు సాక్ష్యం అక్కర్లేకపోయింది. అతనికి ఆ సంగతి తెలుసు. తెలిసే వాడుకున్నాడు. మతం మా మధ్యకు బయటి నుంచి వస్తుందని కాచుకుని కూర్చున్నాను. అది అతని నోట్లోంచి వచ్చింది.

క్షమించమని నెలల తరబడి మెసేజీలు పెట్టాడు. ప్రతిదాంట్లోనూ నీ కోసమే అన్న మాట ఉండేది. ఒక్కదానికీ జవాబివ్వలేదు. రాత్రుళ్ళు ఏడవలేదని చెప్పను.

మరుసటి ఏడు ఒంటరిగా అదే పోటీకి వెళ్ళాను. ప్రైజు రాలేదు. ఇప్పుడు పటమటలో ఒక గది అద్దెకు తీసుకుని పిల్లలకు నేర్పుతున్నాను. అప్పటి బ్యాచ్ వాళ్ళు ఎక్కడైనా ఎదురైతే, పాపం మీ నాన్న ఆడనివ్వలేదు కదా అని ఇప్పటికీ జాలిపడతారు. వాళ్ళని నిలబెట్టి మొదటి నుంచి చివరి దాకా చెప్తాను. నేను ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయినా సరే.