ఫోటోలో కనిపించని చిరునామా

నా డిగ్రీ స్నేహితురాలు తన కూతుర్ని వెంటబెట్టుకుని ఇబ్రహీంపట్నంలోని మా ఇంటికి వచ్చినప్పుడు ఎండలు ఇంకా ముదరలేదు. ఆమె ఎడమ చెయ్యి వాచి ఉంది. విజయవాడ హాస్టల్లో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. చదువయ్యాక ఆమె పెళ్ళి చేసుకుని పామర్రు వైపు వెళ్ళింది. మా ఆయనకి థర్మల్ ప్లాంటులో ఉద్యోగం రావడంతో నేను ఇక్కడే ఒక స్కూల్లో టీచరుగా చేరాను. ఆమె పెళ్ళికి నేను వెళ్ళలేకపోయాను. అప్పట్లో దానికి బాధపడ్డాను కానీ ఇప్పుడు అదే మేలయింది. ఆమె భర్తకి నా ముఖం తెలియదు, నేనుండే ఊరూ తెలియదు.

కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు వచ్చేదాకా ఎక్కడున్నదీ ఎవరికీ తెలియనివ్వొద్దని లాయరు గారు చెప్పారు. మేడమీద గది ఆమెకిచ్చాం. ఆదివారం మేం చర్చికి వెళితే లోపల గడియ పెట్టుకుని, మేం వచ్చి పిలిచేదాకా తలుపు తీసేది కాదు.

ఊరికే కూర్చోలేక చీరలు అమ్మడం మొదలుపెట్టింది. వాళ్ళ పుట్టింటివాళ్ళు నేతపనివాళ్ళు. వాళ్ళ నాన్న నేసిన చీరలు బస్సు పార్సిల్లో నా పేరు మీద వచ్చేవి. కొత్త సిమ్ తీసుకుని, వేరే పేరు పెట్టుకుని, ఆడవాళ్ళు చీరలు కొనే ఒక పెద్ద ఫోన్ గ్రూపులో చేరింది. పొద్దున్నే డాబా మీద తాడుకి చీర ఆరేసి ఫోటో తీసేది. ఎంత జాగ్రత్తంటే, ఫోటోలో పక్కింటి గోడ పడదు, ప్లాంటు పొగగొట్టాలు పడవు, తన నీడ కూడా పడనిచ్చేది కాదు. రంగు సరిగ్గా తెలియడం లేదని ఎవరైనా అంటే, అదే ఫోటోని నాణ్యత తగ్గకుండా ఫైలుగా పంపేది.

ఒకరోజు నేను స్కూలుకి బయల్దేరుతుంటే ఫోను పట్టుకుని కిందికి వచ్చింది. ఒకామె పంపిన మెసేజ్ చూపించింది. "మీరు ఇబ్రహీంపట్నమేనా అండీ? మాది కొండపల్లి. దగ్గరే కాబట్టి ఇంటికొచ్చి చూసి తీసుకుంటాను."

"నేను ఊరు చెప్పలేదు," అంది నా స్నేహితురాలు. "ఎవ్వరికీ చెప్పలేదు."

ఎలా తెలిసిందని మర్యాదగా అడిగించాను. ఫోటో వివరాలు చూస్తే కింద మ్యాప్ వచ్చిందని ఆవిడ మామూలుగా జవాబిచ్చింది. మేమూ తెరిచి చూశాం. ఫోటోని వేలితో పైకి జరపగానే తేదీ, ఫోను రకం, వాటి కింద మ్యాపు. మా సందు. మా ఇంటి మీద ఎర్ర గుర్తు. ఆమె ఆ గుర్తుని మరకని తుడిచినట్టు వేలితో రుద్దింది. అది చెరగలేదు సరికదా, మ్యాపు ఇంకా పెద్దదై మా డాబా స్పష్టంగా కనిపించింది.

మా స్కూల్లో కంప్యూటరు చెప్పే మేడమ్‌ని, ఎవరి కోసమో చెప్పకుండా అడిగాను. మామూలుగా పంపే ఫోటోలో ఆ వివరాలు చాలావరకు పోతాయట. ఫైలుగా పంపితే మాత్రం తీసిన చోటుతో సహా అన్నీ వెళ్తాయట. ఆ సాయంత్రమే కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేశాం. పాత ఫోటోలు ఒక్కొక్కటే తెరిచి, లొకేషన్ తీసేసి, నా ఫోనుకి పంపించుకుని, మ్యాపు రావడం లేదని నేను చూశాకే సరే అనుకునేవాళ్ళం.

కానీ అప్పటికే వెళ్ళిపోయినవాటిని ఏం చెయ్యగలం? ఎవరెవరికి ఫైళ్ళు పంపిందో వెనక్కి వెళ్ళి చూసింది. ఆ కొండపల్లి ఆవిడ కాక మిగతా అందరూ చీర కొన్నవాళ్ళే, ఒక్కరు తప్ప. ఆ నంబరుకి పేరు లేదు, బొమ్మ లేదు. అసలు ఫైలు పంపమని అడిగి, అందుకుని, మళ్ళీ మాట్లాడలేదు.

"ఆయనే," అంది. కాదని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

అప్పటినుంచి మా సందులో బండి నెమ్మదిస్తే చాలు, ఇద్దరం మాట ఆపేసేవాళ్ళం. పాపని డాబా మీదికి వెళ్ళనివ్వలేదు. నేను స్కూలు నుంచి తిరిగొచ్చేటప్పుడు సందు మొదట్లో ఆగి, మా గేటు దగ్గర ఎవరైనా ఉన్నారేమో చూసి గానీ ముందుకి నడిచేదాన్ని కాదు. వేరే ఇల్లు చూద్దామని మా ఆయన అన్నారు. ఆమె బట్టలు సంచిలోకి సర్దుకుంది.

ఇల్లు ఇంకా దొరక్కముందే ఆ నంబరు నుంచి మళ్ళీ మెసేజ్ వచ్చింది. ఇంకో చీరకి ఫైలు కావాలట. పంపకపోతే అనుమానం వస్తుంది. లొకేషన్ తీసేసి, నేను రెండోసారి చూశాక పంపింది. కాసేపటికి జవాబొచ్చింది. "ఇప్పుడు బాగుంది వదినా. ముందు దాంట్లో ఇల్లు కనిపించింది. నేను చెరిపేశాను."

అది ఆమె ఆడపడుచు. భర్తకి సొంత చెల్లెలు.

ఫోను చేస్తే అవతల గొంతు చాలా మెల్లగా వినిపించింది. తనూ ఆ గ్రూపులో ఉందట. చీర అంచు చూడగానే వదిన వాళ్ళ నాన్న మగ్గం అని గుర్తుపట్టి, అవునో కాదో తెలుసుకుందామని ఫైలు అడిగిందట. మ్యాపు చూసి భయపడిపోయిందట.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది నా స్నేహితురాలు.

"అప్పుడు పురిటికి పుట్టింట్లో ఉన్నాను వదినా. అన్నయ్య నా ఫోను తీసి చూస్తుంటాడు. ఏం రాసినా చదివేస్తాడని ఊరుకున్నా. నిన్ననే మా అత్తగారింటికి వచ్చాను."

మన పాప ఎలా ఉందని ఆడపడుచు అడిగింది. ఎక్కడ చదివిస్తున్నావని మాత్రం అడగలేదు. ఫోను పెట్టేశాక నా స్నేహితురాలు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఊరట వల్లనో, ఇన్ని రోజులూ తన ఆచూకీ ఇంకొకరి దయ మీద నిలబడిందని అర్థమైనందువల్లనో నేను అడగలేదు.

తరవాత ఉత్తర్వు వచ్చింది. ఆమె వేరే ఊళ్ళో చిన్న వాటా తీసుకుని చీరల పని అక్కడే సాగిస్తోంది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఈమధ్య పాప కొత్త స్కూలు యూనిఫాంలో నిలబడ్డ ఫోటో నాకు ఫైలుగా పంపింది. నేను ముందు పైకి జరిపి, కింద మ్యాపేమీ లేదని చూసుకున్నాను. ఆ తరవాతే పాప ముఖం చూశాను.