వ్రతం పందిట్లో కోడిగుడ్లు

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఆ గొప్పతోనే మా బాబాయి పరువు గోదాట్లో కలిపిన వైనం చెబుతాను, కాస్త గుండె చిక్కబట్టుకోండి.

బాబాయిది కొత్తపేట. పెళ్లిళ్లకు, వ్రతాలకు వంటలు చేయించే కాంట్రాక్టరు. భోజనానికి ఎంతమందో కొడితే చాలు, సరుకులు లెక్కగట్టి నేరుగా కిరాణా కొట్టుకు పంపే సాఫ్ట్‌వేర్ ఆయనకు చేసిచ్చాను. బాగానే నడిచింది. బాగా నడిచేదాన్ని వదిలేస్తే నేను ఇంజనీరునెలా అవుతాను?

"బాబాయ్, కొత్త కూర చేర్చినప్పుడల్లా మొత్తం మార్చాల్సొస్తోంది. ఇకనుంచి ప్రోగ్రాం ఒక ప్యాకేజీ, వంటకాల డేటా ఇంకో ప్యాకేజీ. దేని దారి దానిదే."

"గిన్నె వేరు, కూర వేరు అంటావు. ఆయ్, నీకు తెలీందేముందిరా!"

ఉంది. గిన్నె పంపి, కూర పంపడం మరిచిపోయాను. పైగా తెర బోసిగా ఉంటే బాగుండదని, పరీక్ష కోసం రాసుకున్న నా హాస్టల్ వంటకాన్ని ప్రోగ్రాంలోనే ఉంచేశాను. ఎగ్ నూడుల్స్.

ముమ్మిడివరంలో గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం. మూడు వందల విస్తళ్లు. బాబాయి అంకె కొట్టి, నా మీద నమ్మకంతో చూడకుండా బటన్ నొక్కేశాడు. ఆ పొద్దున నేను కొత్త పంచె కట్టుకుని, రెండు ప్యాకేజీల ఘనత ఎవరో పెద్దాయనకు వివరిస్తున్నాను. పందిరి ముందు ఆటో ఆగింది. పంతులుగారు సంకల్పం చెబుతుండగా కోడిగుడ్లు దిగాయి, అట్టలకు అట్టలు. వెనకే నూడుల్స్ పెట్టెలు.

బాబాయి కిరాణా కొట్టాయనకు ఫోన్ చేశాడు.

"వ్రతానికి గుడ్లేంటండీ బాబూ! మీకైనా అనుమానం రాలేదాండీ?"

"రాకేమండీ! రాత్రంతా నిద్ర పట్టలేదు. మీ అబ్బాయిగారు పెద్ద ఇంజనీరు కదండీ, తప్పని ఎలా అంటాం, బాగోదని ఊరుకున్నానండీ. ఆయ్!"

చూశారా మా కోనసీమ మర్యాద? మూడు వందలమందిని పస్తు పడుకోబెడతాం గానీ, ఒక్క ఇంజనీరు మనసు కష్టపెట్టం.

ఏనాడూ ఎవరినీ చెయ్యి చాచి అడగని బాబాయి, ఆ వీధిలో ఇంటింటికీ వెళ్లి బియ్యం, చింతపండు, పెరుగు అడిగి తెచ్చాడు. పులిహోర, మజ్జిగన్నంతో ఎలాగో గట్టెక్కాడు. నాకు నిజంగానే తల కొట్టేసినట్టయింది. నెమ్మదిగా దగ్గరికెళ్లాను.

"డేటా ఇప్పుడు పంపించాను బాబాయ్."

"సంతోషం నాయనా. ఇకమీదట నా పనులకు నువ్వూ రెండు ప్యాకేజీలుగానే రా. మనిషివి వచ్చి భోంచేసి వెళ్లు. తెలివి ఇంటి దగ్గరే ఉంచు."

కలిసున్నవాటిని ఈ జన్మలో విడదీయనని ఆ రోజే గోదారి సాక్షిగా ఒట్టేశాను. ఉప్మా పెసరట్టు పెట్టినా, నాకు పడని ఆ ఉప్మాని పక్కకు తీయకుండా కళ్లు మూసుకుని తినేస్తున్నాను.