లైటు వెలుగుతుంటే ఘాట్ ఎక్కని పిన్ని

ఇనుప గనుల ఊరు కిరందుల్‌లో మా పక్క క్వార్టర్ పిన్ని పోయిన వారం చనిపోయింది. గుండెనొప్పితో జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే, దారిలో, నా కారులోనే. అంత నొప్పితో ఉన్న మనిషిని పెట్టుకుని మధ్యలో ఎందుకు ఆగావని అందరూ అడుగుతున్నారు. అది చెప్పాలంటే ముందు ఆవిడ సంగతి చెప్పాలి.

శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఇంటి కోడలిగా వచ్చిన మనిషి. బాబాయి పోయాక టాక్సీ నడిపి బతికింది. మా లైన్లో ఆడవాళ్ళకు కారు నేర్పింది ఆవిడే. నేనైతే క్లచ్ కంటే ముందు ఆవిడ తిట్లు నేర్చుకున్నాను.

గని లారీల నుంచి రాలిన ఇనుప మట్టి వానకు తడిసి మా రోడ్ల మీద జిగురులా పరుచుకుంటుంది. కారు పక్కకు జారితే ఒక్కో చక్రానికీ విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే స్టెబిలిటీ కంట్రోల్ అవసరం ఇక్కడే ఎక్కువ. అది పాడయ్యేదీ ఇక్కడే. పాడైతే స్టీరింగ్ ముందున్న బోర్డు మీద పసుప్పచ్చ లైటు వెలుగుతుంది. మావాళ్ళు దాని మీద బొట్టుబిళ్ళ అంటించేసి నడిపేస్తారు. పిన్ని ఎవరి కారెక్కినా ఆ బిళ్ళను గోరుతో గీకి పారేసేది. "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది మీ యవ్వారం" అనేది. చక్రం దగ్గర సెన్సర్‌కు మట్టి పట్టిందా, ఎలకలు తీగ కొరికాయా, బ్యాటరీ దిగిందా, అరిగిన టైరు పక్కన కొత్తది వేశారా, స్టీరింగ్ తిన్నగా ఉందా అని చూడమనేది. కారణం తెలిసేదాకా జగదల్‌పూర్ దారిలోని కొండ ఘాట్ ఎక్కేది కాదు. ఒకసారి ఘాట్ మలుపులో బోల్తాపడ్డ కారులోంచి మనుషుల్ని బయటికి లాగింది. ఆ బోర్డు మీదా బొట్టుబిళ్ళే ఉందట. అందులో పిల్లలున్నారన్న మాట మాత్రం నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

ఆ రోజు ఘాట్‌కు ముందొచ్చే గీదం ఊరు దాటాక, వానలో, నా కారులో ఆ లైటు వెలిగింది. వెనక సీట్లో పడుకున్న పిన్ని చూసేసింది.

"ఆపీ అమ్మీ."

మట్టే అయ్యుంటుంది, ముందు ఆసుపత్రికి పోదాం అన్నాను. బతిమాలాను. అరిచాను కూడా.

"మట్టో, తెగిన తీగో దిగి సూస్తేగానీ తెలీదు. నాకోసం నీ పిల్లల్ని తల్లి లేనోళ్ళని సెయ్యకు. దిగు."

ఆపకపోతే దూకేస్తానన్నట్టు తలుపు పిడి పట్టుకుంది. ఆపాను. ముందు ఎడమ చక్రం లోపల ఎర్రమట్టి ముద్దకట్టి ఉంది. తాగే నీళ్ళు పోసి, వేళ్ళతో గోకాను. ఆ గోకినంతసేపూ ఆవిడను తిడుతూనే ఉన్నాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు. నా పిల్లలు బడి నుంచి వచ్చి "అమ్మా" అని పిలిస్తే మాత్రం ఏడుపొస్తోంది.

కారు తీసి కొంచెం దూరం నడిపేసరికి లైటు ఆరింది.

"మట్టే పిన్నీ. ఇంక ఎక్కేద్దాం" అన్నాను. పలకలేదు. వెనక్కి తిరిగి చూశాను.

ఘాట్ ఎక్కాల్సిన పని లేకపోయింది. కారు ఇంటివైపు తిప్పాను. దారంతా వానే. బోర్డు మీద ఒక్క లైటూ లేదు. ఏ లోపమూ లేని కారు తిన్నగా, మెత్తగా నడిచింది.